పదిహేడో కత్తిరింపు

నీలవేణి అబద్ధం చెప్పడం లేదు. విచారణ గదిలో కూర్చున్న తొమ్మిది మందిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అదెలా సాధ్యమో మాత్రం నాకూ అప్పటికింకా తెలియదు.

"బండి తీసే ముందు అన్నీ చూసేనండి," అంది ఆమె మూడోసారి. "ఒక్కటీ వదల్లేదు. చూసేసేనన్న సంగతి ఇప్పటికీ నాకు ఒంట్లో తెలుస్తానే ఉంది."

"బండి కింద చూశావా అమ్మా?" అన్నాడు కమిటీ అధ్యక్షుడు.

"అన్నీ చూసేనండి."

"కింద?"

ఆమె నోరు తెరిచింది. అవునన్న మాట రాలేదు, కాదన్న మాటా రాలేదు. ఇంట్లో ఎప్పుడూ ఉండే వస్తువు కోసం చెయ్యి చాపితే ఆ చోటు ఖాళీగా ఉన్నప్పుడు మనిషి ముఖం ఎలా మారుతుందో, అలా మారింది. మనస్తత్వ శాస్త్రంలో పాతికేళ్ళు గడిపిన నాకు అబద్ధికుల ముఖాలు తెలుసు. ఇది ఆ ముఖం కాదు.

అధ్యక్షుడు ఒక ఫోటో తీసి చూపించాడు. వ్యాను ఆగి ఉన్న చోట, నేల మీద, అరచేతి మేర బ్రేక్ ఆయిల్ మరక. వెనక ఎడమ చక్రం దగ్గర గొట్టం ఒరుసుకుపోయి, రాత్రంతా చుక్కచుక్కగా కారింది. వంగితే కనబడేది. శిక్షణ పుస్తకంలో తొమ్మిదో అంశంగా అచ్చయి ఉంది: బండి కింద నేల మీద నూనె, నీరు కారిన జాడలున్నాయేమో వంగి చూడాలి. షెడ్డు కెమెరాలో నీలవేణి బండి చుట్టూ తిరగడం ఉంది, టైర్లు తట్టడం ఉంది, వంగడం లేదు.

"చూడలేదు. చూశానంటోంది," అన్నాడు అధ్యక్షుడు మా వైపు తిరిగి. "దీన్నే నిర్లక్ష్యం అంటారు."

ఆ ఒక్క మాట నివేదికలో చేరితే ఇరవై మూడేళ్ళ ఆ అమ్మాయి లైసెన్సు పోతుంది. కొండ దిగుతూ ఆ వ్యాను బ్రేకు పోయి గట్టుకు గుద్దుకోవడంతో జరిగిన దేముడమ్మ అనే మనిషి చావుకు పోలీసు కేసు ఆమె మీద పడుతుంది, జైలుకు వెళ్తుంది. పది రోజుల తర్వాత తుది విచారణ అని చెప్పి అందరూ లేచారు. మా సంస్థ డైరెక్టరు విశ్వపతి గారు బయటికి వస్తూ, మన అచ్చు తప్పేం లేదని తేలిపోయిందంటూ నా భుజం తట్టాడు. ఆ చెయ్యి నా భుజం మీద ఉన్నంతసేపూ నాకు రోత పుట్టింది. తోసేయలేదు.

మా సంస్థ పేరు సుగమ. విశాఖపట్నం శివార్లలో, పెందుర్తి దాటాక, ఒక రేకుల గోదాములో మొదలైంది. మేం కనిపెట్టింది ఒక్కటే. ఒక మనిషి ఒంట్లో ఏళ్ళ తరబడి పేరుకున్న అలవాటును నమోదు చేసి, ఇంకో మనిషి ఒంట్లో ఇరవై రోజుల్లో నిలపడం. కాగితాల మీద దానికి పెద్ద పేరుంది. డ్రైవర్లు మాత్రం అచ్చు అన్నారు. అచ్చు వేయించుకున్నావా, నీకు అచ్చు కుదిరిందా అని వాళ్ళలో వాళ్ళు అడుక్కునేవాళ్ళు.

కొత్త డ్రైవర్లకు తెలియనిదేం లేదు. టైర్లలో గాలి చూడాలని, ఎక్కగానే అద్దాలు సర్దుకోవాలని, ముందు బండికి ఎడం ఉంచాలని, దిగుడులో గేరు తగ్గించాలని అందరూ పరీక్షలో రాస్తారు. తలకు తెలిసింది కాలికీ చేతికీ దిగడానికి పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళలో ఎవరో ఒకరు చచ్చిపోతారు. ఆ పదేళ్ళను ఇరవై రోజులు చేద్దామనుకున్నాం. అది చెడ్డ ఆలోచన అని ఇప్పటికీ అనుకోను.

అచ్చుకు మూలం పైడిరాజు. ముప్పై ఒక్క ఏళ్ళు ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపి, ఒక్క ప్రమాదం లేకుండా రిటైరైన మనిషి. తొమ్మిది నెలల పాటు రోజూ పొద్దున్నే వచ్చి, తలకు మా తీగల టోపీ, ఒంటికి మా చొక్కా తొడుక్కుని, గోదాములో నిలబెట్టిన వ్యాను చుట్టూ తిరిగేవాడు. ఇనప రాడ్డుతో ఒక్కో టైరునీ తట్టి, తల పక్కకు వాల్చి మోత వినేవాడు. చక్రం బోల్టులు బొటనవేలితో నొక్కేవాడు. లైట్లు వేసి, దిగి వెళ్ళి చూసే పని లేకుండా ఎదురు గోడ మీద వెలుగు చూసుకునేవాడు. బానెట్ ఎత్తి ఇంజన్ ఆయిల్, నీళ్ళు, బ్రేక్ ఆయిల్ చూసేవాడు. అన్నీ అయ్యాక బండి ముందుకొచ్చి, మోకాలు నేలకు ఆనేలా వంగి, బంపర్ కింద అంచును తాకి ఆ వేళ్ళు కళ్ళకద్దుకునేవాడు. తర్వాతే ఎక్కేవాడు.

నమోదైన అలవాటులో పనికొచ్చేవీ పనికిరానివీ కలిసే వస్తాయి. పైడిరాజు మధ్యలో దగ్గుతాడు, బీడీకట్ట కోసం జేబు తడుముకుంటాడు, ఒక కాలు కాస్త ఈడుస్తాడు. అవన్నీ కొత్తవాళ్ళ ఒంట్లోకి పోకూడదు. ఏది నైపుణ్యమో ఏది చెత్తో తేల్చి కత్తిరించే పని నాది. మొత్తం నలభై రెండు కత్తిరింపులు చేశాను. ప్రతిదాని పక్కనా కారణం రాసి, సంతకం పెట్టాను.

కత్తిరిస్తే సరిపోదు. అలవాటులో ఒక ముక్క తీసేస్తే అక్కడ వెలితి మిగులుతుంది. మొదట్లో అచ్చు వేసినవాళ్ళు కత్తిరించిన చోటికి రాగానే ఆగిపోయేవాళ్ళు. ఏదో మరిచిపోయామన్నట్టు తడబడేవాళ్ళు, వాళ్ళకు చెమటలు పోసేవి. ఆ వెలితి తెలియకుండా రెండు కొసల్నీ కలిపి కుట్టే పద్ధతి నేనే కనిపెట్టాను. పని ముగిసిందన్న నిమ్మళం మనిషిలో వేరే చోట ఉంటుంది. పనిలో ఎన్ని ముక్కలు తీసేసినా, ఆ నిమ్మళాన్ని తెచ్చి చివర అతికిస్తే చాలు. నాడి నెమ్మదిస్తుంది, భుజాలు వదులవుతాయి, అన్నీ అయ్యాయనిపిస్తుంది. ఆ కుట్టుకు నా పేరే పెట్టారు. నాకు శాలువా కప్పారు.

విచారణ నుంచి తిన్నగా గోదాముకు వెళ్ళి పాత ఫైలు తీశాను. ఆరేళ్ళ కిందటి నా చేతిరాత. పదిహేడో కత్తిరింపు దగ్గర ఆగాను.

"క్రమం చివర వంగి దండం. మతపరమైన చేష్ట. ఆ క్షణంలో చూపు తీక్షణం కావడానికి కారణం భక్తి ఉద్వేగం. నైపుణ్యంతో సంబంధం లేదు. తొలగించవచ్చు."

ఆ రోజు ఆ వాక్యం రాసినప్పుడు నాకు కాస్త గర్వం కూడా కలిగిందని గుర్తు. మేం మొదట అచ్చు వేసిన డ్రైవర్ల జట్టులో బషీర్ ఉన్నాడు, ఏసుదాసు ఉన్నాడు. ఒకరి మొక్కును ఇంకొకరి ఒంట్లోకి ఎక్కించే హక్కు మాకు లేదు. ఆ మాట ఇవాళ కూడా సరైనదే. అయితే ఆ వాక్యం రాస్తున్నప్పుడు పైడిరాజు గోడకు అవతల బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. లేచి వెళ్ళి ఒక మాట అడగడానికి పదకొండు అడుగులు. నేను లేవలేదు. అతని తలలో ఏముందో నా గ్రాఫులో కనబడుతుండగా, అతన్ని అడగాలన్న ఆలోచనే రాలేదు.

అదే బీరువాలో నీలవేణి శిక్షణ రికార్డులూ ఉన్నాయి. మొదటి రోజు వీడియో వేశాను. అచ్చు వేయకముందు తీసింది. శృంగవరపుకోట పక్క ఊరి నుంచి వచ్చిన పిల్ల, చున్నీ నడుముకు బిగించుకుని, శిక్షణ పుస్తకంలోంచి సొంతంగా రాసుకున్న కాగితం పట్టుకుని, పెదాలు కదుపుతూ బండి చుట్టూ తిరుగుతోంది. ఒక్కో అంశం చూసి వేలితో గీటు పెట్టుకుంటోంది. తొమ్మిదో అంశం దగ్గర రెండు చేతులూ నేలకు ఆనించి, చెంప దాదాపు సిమెంటుకు తగిలేలా వంగి, బండి కింద అటూ ఇటూ చూసింది. లేచి, నమ్మకం చాలక, మళ్ళీ వంగింది.

ఇరవయ్యో రోజు వీడియోలో కాగితం లేదు. పుస్తకం ఇక అక్కర్లేదని మా శిక్షకుడే చెప్పి చెత్తబుట్టలో వేయించాడు. ఆమె చక్కగా, ముప్పై ఏళ్ళ అనుభవమున్న దానిలా, టైర్లు తట్టుకుంటూ ఒక చుట్టు తిరిగి, నిమ్మళంగా ఎక్కి కూర్చుంది. కింద చూడలేదు. ఆ రోజు నేను రాసిన మాట కూడా ఉంది: ఆందోళన పూర్తిగా పోయింది.

మేం అచ్చు వేయకముందు ఆ అమ్మాయి బండి కింద చూసేది. మేమే ఆ చూపు తీసేసి, తీసేసినట్టు తెలియకుండా కుట్టి, ఇప్పుడు చూడలేదని ఆమెనే బోనులో నిలబెట్టాం.

మర్నాడు కొత్తవలసలో పైడిరాజు ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నులక మంచం బిగిస్తూ కూర్చున్నాడు. కోడలు కుర్చీ తెచ్చి వేసింది. ప్రమాదం సంగతి పేపర్లో చూశాడట. కాసేపు కుశల ప్రశ్నలయ్యాక, బండి ముందు అంత కిందికి ఎందుకు వంగేవారని అడిగాను.

"సూడ్డానికి," అన్నాడు.

"దండం పెట్టడానికి కాదా?"

"దేముడికి దండమెట్టాలంటే గుడికెల్తాను గానీ బస్టేండులో మోకాళ్ళ మీద కూకుంటానేటండి?" నులక చేతికి చుట్టుకుంటూ నవ్వాడు. "అలాగ వొంగితే ముందు సెక్రం కాణ్ణించి ఎనక సెక్రం దాకా నేలంతా ఒక్క సూపులో అగుపడద్ది బాబూ. నూని సుక్కుంటే అగుపడద్ది. కుక్క తొంగుంటే అగుపడద్ది."

మరి తాకి కళ్ళకద్దుకోవడం ఎందుకన్నాను. అది తనకు డ్రైవింగు నేర్పిన సన్నాసినాయుడు పెట్టిన పద్ధతి అని చెప్పాడు. ఆ కాలంలో ఘాట్ ఎక్కే ప్రతి డ్రైవరూ తన తర్వాతివాడికి అలాగే నేర్పేవాడట.

"కొత్తోళ్ళని వొంగి సూడరా అంటే వొంగరు. పేంటు మాసిపోద్దంటారు. దండమెట్టకపోతే కొండ దిగనివ్వదురా అంటే వొంగుతారు. వొంగినాక కళ్ళున్నాయి గదా, సూస్తారు."

"కళ్ళు మూసుకుని పెట్టరా?"

"కళ్ళు మూసుకుని దండమెట్టినోడు డ్రైవరేటండి?"

నేను తలెత్తలేదు. అతని చేతుల్లో నులక ఆగిపోయింది. నా మౌనాన్ని చదవడానికి అతనికి టోపీలూ తీగలూ అక్కర్లేకపోయాయి.

"తీసేసినారా?" అన్నాడు.

తీసేశామన్నాను. పోయినామె పేరేమిటని అడిగాడు. చెప్పాను. నులక కొసను ముడేశాడు. తర్వాత కోపం లేకుండానే అన్నాడు. ఆ మాటలో కోపం ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"నన్నొక మాటడిగుంటే సెప్పీవోణ్ణి గదా బాబూ. తొమ్మిది నెల్లు మీ కాడే ఉన్నాను."

ఆ సాయంత్రమే విశ్వపతి గారి గదికి వెళ్ళి ఫైలు బల్ల మీద పెట్టాను. ఆయన పదిహేడో కత్తిరింపు చదివాడు, రెండు వీడియోలూ చూశాడు. తెలివైన మనిషి. ఒక్క నిమిషంలో మొత్తం అర్థమైంది. అర్థమైన మరుక్షణం నుంచే దాన్ని పూడ్చడం మొదలుపెట్టాడు.

మన అచ్చు వేసుకున్నవాళ్ళు పదకొండు వందల నలభై మంది ఉన్నారనీ, వాళ్ళలో ప్రమాదాలు మూడో వంతుకు తగ్గాయనీ, ఇప్పుడు ఈ సంగతి చెబితే అందరికీ తమ ఒంటి మీద తమకే నమ్మకం పోతుందనీ, ఆ అపనమ్మకం వల్ల ఎక్కువ మంది చస్తారనీ అన్నాడు. లెక్కలన్నీ నిజమే. నన్ను అంతకంటే మండించింది ఏదీ లేదు. అబద్ధంతో కొట్టి ఉంటే ఎదురు తిరగడం సులువు. నిజమైన అంకెల్ని తెచ్చి ఒక ఆడపిల్ల గొంతు మీద పెట్టి నొక్కుతున్నాడు.

"వచ్చే విడతలో వంగడం చేర్చేద్దాం. చప్పుడు లేకుండా," అన్నాడు.

"నీలవేణి?"

"మంచి లాయర్ని పెడదాం. చిన్నపిల్ల, జడ్జీలు దయ చూస్తారు."

"ఆమెకు కావాల్సింది దయ కాదండీ. ఆమె తప్పు చేయలేదు."

ఆయన ఫైలు మూసి నా వైపు తోశాడు. "సంతకం మీది, దక్షిణామూర్తి గారూ. కుట్టు కూడా మీదే. ఈ కాగితం బయటికొస్తే ముందు మునిగేది మీరే. ఇంటికి వెళ్ళి ఆలోచించండి."

వెళ్ళాను. ఆలోచించాను. దాచడం దేనికి, మూడు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. ఒంటరిగా ఉండేవాణ్ణి. వంటింట్లో గ్యాసు కట్టేసి మళ్ళీ వెళ్ళి చూస్తాను, తాళం వేసి మళ్ళీ లాగి చూస్తాను. నలభై ఏళ్ళుగా ఆ అనుమానాన్ని రోగమనే అనుకున్నాను. ఇతరుల్లో దాన్ని మాన్పడమే నా వృత్తి అనుకున్నాను. ఆ మూడు రోజుల్లో స్పష్టమైంది ఏమిటంటే, నేను నీలవేణిలోంచి కోసేసింది దండాన్ని మాత్రమే కాదు, రెండోసారి వంగేలా చేసిన ఆ అనుమానాన్ని. నా ఇంటి తాళం దగ్గర నాకు హక్కుగా ఉన్న భయం, పద్నాలుగు మందిని కొండ దించే పిల్లకు ఉండకూడదని తేల్చాను. నాలుగో రోజు బస్సెక్కి ఆమె ఊరు వెళ్ళాను.

రెండు గదుల పెంకుటిల్లు. నన్ను చూసి నీలవేణి లేచి నిలబడింది. వాళ్ళమ్మ లేవలేదు, చేటలో బియ్యం చెరుగుతూ నన్ను ఎగాదిగా చూసింది. తల్లికి మనసులో మాట దాచుకునే అలవాటు లేదని రెండు నిమిషాల్లో తెలిసింది.

"మా పిల్ల బయస్తురాలు బాబూ. సైకిల్ ఎక్కడానికే ఏడాది పట్టింది. మీరొచ్చి ఆ బయిం తీసేస్తామన్నారు," చేట ఒకసారి గట్టిగా ఎగరేసింది. "తీసేసేరు."

నీలవేణి తల్లిని వారించి, నన్ను వాకిట్లోకి తీసుకొచ్చింది. ఆ రోజు జరిగింది మొదటిసారి పూర్తిగా చెప్పింది. కొండ మీద కాఫీ గింజలు ఏరే షెడ్డు నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్ళను ఎక్కించుకుని దిగుతోంది. దేముడమ్మ ఎప్పుడూ డ్రైవరు వెనక సీట్లోనే కూర్చునేది, మలుపు మలుపుకీ సణిగేది. కాస్త నెమ్మదిగా పోవే, నా పెళ్ళి ముహూర్తమేమీ దాటిపోవట్లేదు అనేదట. ఆ రోజు కూడా అంది. అందరూ నవ్వుతుండగానే కాలి కింద బ్రేకు పెడల్ మెత్తబడి నేలకు దిగిపోయింది. గొట్టం తెగితే సగం బ్రేకు మిగలాలి. మిగిలింది కూడా. ఆ దిగుడులో నిండు బండికి సగం చాలలేదు. ఆమె రెండో గేరుకు, మొదటి గేరుకు దించింది, చేతి బ్రేకు లాగుతూ వదులుతూ, లోయ వైపు పోనీయకుండా బండిని కొండ గట్టుకు ఒరిపించింది. అదీ పైడిరాజు అచ్చే. పదమూడు మందిని అదే బతికించింది. గట్టుకు తగిలిన వైపు కూర్చున్న దేముడమ్మ మాత్రం ఆసుపత్రికి చేరలేదు.

"ఒకటడగాలి సార్," అంది. "ఎదురింటి బాబాయి ఆటో చుట్టూ రోజూ తిరిగి చూసుకుంటన్నాను. ఇవాళ వంగాలి, వంగాలి అని నోటితో అనుకుంటూ బయల్దేరతాను. ముందుకొచ్చేసరికి అయిపోయిందనిపిస్తాది. ఎంత నిమ్మళంగా ఉంటాదో. ఎక్కి కూర్చున్నాక గానీ వంగలేదని గుర్తు రాదు." గొంతు తగ్గించింది. "నాకు మతి పోతోందా?"

లేదన్నాను. అంతా చెప్పాను. దండం, నా సంతకం, కుట్టు, మొదటి రోజు వీడియో. ఆమె అడ్డం రాకుండా వింది. అచ్చు తీసేయడం కుదురుతుందా అని అడిగింది. కుదరదని చెప్పాల్సి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మూడు వారాల్నించీ నన్ను నేనే అబద్ధాలకోరుననుకుంటన్నాను సార్," అంది. "మీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

ఐదు రోజుల నుంచి అన్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఎండలో నిలబడి, ఆ ఐదింటిలో ఒక్కో రోజునీ లెక్కపెట్టుకున్నాను.

తుది విచారణ రోజు విశ్వపతి గారు నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంచి, అవతల లాయరు దగ్గర కూర్చున్నాడు. నేను ఫైలు తీసుకుని లేచాను. పదిహేడో కత్తిరింపు చదివి వినిపించాను. మొదటి రోజు వీడియో వేయించాను. గోడ మీద నీలవేణి, చెంప నేలకు ఆనేలా వంగి, లేచి, మళ్ళీ వంగింది. తర్వాత ఇరవయ్యో రోజు వీడియో వేయించాను.

సంస్థ లాయరు లేచి, శిక్షణ పుస్తకంలో తొమ్మిదో అంశం ఉందని గుర్తు చేశాడు. ఆ పుస్తకాన్ని చెత్తబుట్టలో వేయించింది మేమేనన్నాను. అయినా చదువుకున్న పిల్ల కదా, తన బుద్ధితో వంగి ఉండొచ్చు కదా అన్నాడు. నేను ఆయన వైపు తిరిగాను.

"ఆ బుద్ధినే కదండీ నేను కోసింది. కోసి, కోసినట్టు తెలియకుండా కుట్టాను. మనిషి చెయ్యి నరికేసి, పెన్ను ఎందుకు పట్టుకోలేదని అడుగుతున్నారు మీరు. నిర్లక్ష్యం ఎవరిదో రాయాలంటే నా పేరు రాయండి. ఆ తర్వాత, ఈ కాగితం చూసి కూడా పదకొండు వందల మందికి చెప్పొద్దన్న వాళ్ళ పేర్లు రాయండి."

అధ్యక్షుడు వీడియోలు మళ్ళీ వేయించుకుని చూశాడు. పక్క సభ్యులతో మెల్లగా మాట్లాడాడు. చివరకు గుమాస్తా వైపు తిరిగి, డ్రైవరుకు సంబంధించి నిర్లక్ష్యం అన్న మాట నివేదికలోంచి తీసేయమన్నాడు. ప్రమాదానికి కారణం శిక్షణ లోపం అని రాయించాడు. అచ్చు వేసుకున్న ప్రతి డ్రైవరుకూ వారంలోగా కబురు అందాలన్నాడు. విశ్వపతి గారు లేచి బయటికి వెళ్ళిపోయాడు. అధ్యక్షుడు నీలవేణిని చూసి, ఇక నువ్వు ఇంటికి వెళ్ళొచ్చమ్మా అన్నాడు, కాస్త మెత్తగానే. కాగితాలు సర్దుకోవడం మొదలైంది.

ఆమె కదల్లేదు.

"సార్," అంది. అధ్యక్షుణ్ణి కాదు, నన్ను. "అది పదిహేడోదన్నారు. మొత్తం ఎన్ని తీసేరు?"

నలభై రెండన్నాను.

"మిగతా నలభై ఒకటీ దేనికో తెలుసా మీకు?"

తెలియదు. ప్రతిదాని పక్కనా నా కారణం ఉంది. ఒక్కదాని గురించీ పైడిరాజును అడగలేదు. తల అడ్డంగా ఊపాను.

ఆమె వచ్చి గుమాస్తా బల్ల మీంచి ఒక తెల్ల కాగితం, పెన్ను అడిగి తీసుకుంది. తిరిగి తన కుర్చీలో కూర్చుని, కాగితం ఒళ్ళో పరుచుకుంది.

"చదవండి," అంది.

అవి ఈ కేసుకు సంబంధించినవి కావమ్మా అన్నాడు అధ్యక్షుడు.

"నా ఒంటికి సంబంధించినవండి. అందులో ఏవి లేవో నాకు తెలియాలి. నాకే కాదు, అందరికీ." నా వైపే చూస్తోంది. "మీరేం రాసేరో అది కూడా చదవండి సార్."

ఫైలు మొదటి పేజీకి తిప్పాను.

"ఎక్కగానే చెప్పు విడిచి, ఉత్తి పాదంతో బ్రేకు పెడల్ తొక్కి కాసేపు అలాగే పట్టి ఉంచడం. మొరటు అలవాటు. తొలగించవచ్చు."

ఆమె రాసుకుంది. రాయడం అయ్యేదాకా ఆగాను.

"మలుపు రాకముందే, ఎవరితోనైనా మాట్లాడుతుంటే, మాట మధ్యలో ఆపేయడం. వయసు వల్ల వచ్చిన మతిమరుపు. తొలగించవచ్చు."

బషీర్ వెనక వరసలో ఉన్నాడని అప్పటిదాకా చూడలేదు. లేచి వచ్చి నీలవేణి పక్కన నిలబడి, ఆమె రాస్తున్నది వంగి చదవడం మొదలుపెట్టాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు డ్రైవర్లు.

"ఇంజన్ ఆన్ చేశాక, బండి కదిలించకుండా అర నిమిషం ఊరికే కూర్చోవడం." అక్కడ ఆగాను. పక్కన నా చేతిరాతలో ఒకే మాట ఉంది. ఆమె పెన్ను ఎత్తి చూసింది. చదివాను. "సోమరితనం."

అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. ఎవరూ లేవలేదు. నేను నాలుగోది చదివాను.